పరాయి స్టేషన్‌లో మన నోరు

ఆలూరు నుంచి బళ్లారి వైపు పోయే రోడ్డు మీద రాష్ట్రం మారిందని చెప్పే గుర్తులు తక్కువ. హాలహర్వి దాటినా అవే నల్లరేగడి చేలు, అదే పత్తి, అదే మిరప. బస్సులో తెలుగు ఎక్కడ ఆగి కన్నడం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 1953 అక్టోబరు 1 దాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఈ మూడూ ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. పెళ్లి సంబంధాలను ఆ గీత ఆపలేదు, సంతలను ఆపలేదు. పోలీసు విషయంలో మాత్రం అది గట్టి గీతే. అటుపక్క అంగడిలో అందరి ఎదుట డబ్బిచ్చి కొన్న కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్ల సంచి, ఇటుపక్క చెక్‌పోస్టుకు వచ్చేసరికి కేసు అవుతుంది. సంచిలో సరుకు మారలేదు, మోసే మనిషీ మారలేదు, కింద నేల ఎవరిదన్నదే మారింది. విదేశాలకు పోయే మనిషి తెలుసుకోవాల్సిన మొదటి పాఠం ఇది. ఆలూరు ప్రాంతంలో పిల్లలకు కూడా ఇది తెలుసు.

రెండో పాఠం దగ్గరే చిక్కంతా ఉంది. మన సీమలో స్టేషన్ మెట్లు ఎవరూ ఒంటరిగా ఎక్కరు. మాజీ సర్పంచో, పార్టీ మనిషో, కనీసం వకీలు దగ్గర పనిచేసే గుమాస్తానో ముందు నడుస్తాడు. కుర్చీ ఆయనకే. ఎస్సై అడిగేది ఆయన్ను, జవాబు చెప్పేదీ ఆయనే. పొలంగట్టు ఎవరిదో, దెబ్బలు తిన్నది ఎవరో, ఆ మనిషి గోడపక్కన నిలబడి ఉంటాడు. పేరు అడిగినప్పుడు మాత్రం నోరు తెరుస్తాడు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం. గొడవలో లేని వాళ్ల పేర్లు కూడా ఫిర్యాదులో చేర్చే అలవాటు ఉన్న ఫ్యాక్షన్ పల్లెల్లో, ఏ పేరు రాయాలో ఏది తీసేయాలో కలం పట్టినవాడి చేతిలో ఉన్న రోజుల్లో, వెంట పెద్దమనిషి ఉండటమే బతికి బయటపడే దారి. అయితే తరతరాలుగా సాగిన ఈ పద్ధతి ఒక నమ్మకాన్ని మనలో నాటింది: పోలీసు ముందు మన తరఫున ఎవరో ఒకరు మాట్లాడతారు, మనం తల ఊపితే చాలు. విదేశానికి పోయే తెలుగువాడి పెట్టెలో ఉండే అన్ని వస్తువులకంటే ప్రమాదకరమైనది ఈ నమ్మకమేనని నా వాదన. అక్కడ మన తరఫున మాట్లాడటానికి ముందుకొచ్చే మనిషి చాలాసార్లు మన ఎదుటి పక్షం వాడు. లేదా ఎవరూ ఉండరు.

ఆలూరు, ఆదోని, కోసిగి వైపు జనం ఎక్కువగా సుగ్గికి, అంటే కూలి వలసకు పోతారు; గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడాలకు. కడప వైపు రాయచోటి, రాజంపేట, బద్వేలు ప్రాంతాల దారి కువైట్‌కు పోతుంది. ఇళ్లలో పనికి పోయేవాళ్లది ఖాదిం వీసా, అంటే ఆర్టికల్ 20. కంపెనీలకు పోయేవాళ్లది ఆర్టికల్ 18. ఏదైనా అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ అనే పూచీదారు యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఖాదిం వీసా మీద వచ్చి బయట కూలికి పోతూ, కువైట్‌లోని జ్లీబ్‌లో ఒక గదిలో పదిమందితో ఉంటున్న మనిషిని ఊహించండి. రోడ్డు మలుపులో షుర్తా (పోలీసు) బండి ఆగుతుంది, బతాకా (గుర్తింపు కార్డు) అడుగుతారు. కార్డు మీద ఉన్న కఫీల్ ఒకరు, పని చేయించుకుంటున్నది వేరొకరు. పోలీసు కఫీల్‌కు ఫోన్ చేస్తాడు. ఆ కఫీల్ అప్పటికే 'పారిపోయాడు' అని ఫిర్యాదు ఇచ్చి ఉంటే, మాట్లాడే పెద్దమనిషీ ఆయనే, ఫిర్యాదుదారూ ఆయనే. ఆయన గానీ ఆయన మందూబ్ (ప్రతినిధి) గానీ అరబ్బీలో చెప్పిందే రికార్డు అవుతుంది. మనవాడు పక్కన నిలబడి తల ఊపుతాడు. ఇంటి దగ్గర కాపాడిన పద్ధతి ఇక్కడ మనిషిని ముంచుతుంది. కువైట్‌లో 'ఖల్లివెల్లి' అయి, అంటే కఫీల్‌ను వదిలి కాగితాలు లేకుండా బతికినవాళ్లు 2018లో, 2020లో, మళ్లీ 2024లో ప్రకటించిన క్షమాభిక్షల్లో ఇంటికి పోయే అవుట్‌పాస్‌ల కోసం బారులు తీరారు. ఏళ్ల తరబడి వాళ్లు దాక్కోవడానికి కారణం పోలీసు దగ్గర తమ మాట ఎవరూ వినరన్న భయం. ఆ భయం పూర్తిగా తప్పని అనలేను. కానీ వాళ్లలో చాలామంది మాట ఎక్కడా కాగితం మీద లేదన్నది కూడా అంతే నిజం.

కాగితం అన్నాను కాబట్టి సంతకం సంగతి కాస్త నిదానంగా చూడాలి. స్టేషన్‌లో ఏం ఒప్పుకున్నా కోర్టులో నిలవదని మన దగ్గర టీ అంగడిలో కూడా చెబుతారు. అది ఉత్త మాట కాదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం నుంచి ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం దాకా, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. దర్యాప్తులో పోలీసు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోవడాన్ని కూడా మన చట్టం ఒప్పుకోదు. అందుకే మనవాళ్లకు స్టేషన్‌లో సంతకం పెద్ద విషయంగా కనిపించదు; పెట్టమన్నచోట పెట్టి, బయటపడి, తర్వాత చూసుకుందాం అనుకుంటారు. సరిహద్దు దాటాక ఈ రక్షణ మన వెంట రాదు. అమెరికాలో హెచ్చరిక విన్న తర్వాత పోలీసుతో చెప్పిన మాటను కోర్టులో రుజువుగా వాడతారు. మౌనంగా ఉండే హక్కును ముందే చెప్పాలని 1966లో మిరాండా తీర్పు వచ్చింది అందుకే. అరబ్బు దేశాల్లో కోర్టుల భాష అరబ్బీ. ఫైలులో మొదటిరోజు చేరిన కాగితమే తర్వాతి మెట్లన్నిటికీ పునాది. దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు కూలీల కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. 2011లో కె.టి.రామారావు నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం అందించి క్షమాపత్రం తెచ్చారు. అయినా వాళ్లు ఇంటికి చేరింది 2024లో, సుమారు 18 ఏళ్ల జైలు తర్వాత. ఆ కేసులో తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. బాధితుడి కుటుంబం క్షమించాక కూడా, తర్వాత మంత్రి అయిన నాయకుడి పలుకుబడి తోడైనా, ముందే ముడిపడిన ఫైలును విప్పడానికి పుష్కరం పైగా పట్టిందన్నదే ఇక్కడ గమనించాల్సింది. ఇంతకంటే పెద్ద పెద్దమనిషి ఏ పేదవాడికి దొరుకుతాడు? మొదటి గంటలో చేయాల్సిన పనిని పదేళ్ల తర్వాతి సిఫారసు పూరించలేదు.

మొదటి గంట కోసం ప్రపంచం ఒక ఏర్పాటు చేసుకుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో 36వ అధికరణం ప్రకారం, పరాయి దేశస్థుడిని పట్టుకున్న అధికారులు అతని దేశపు కాన్సులేటుకు కబురు పెట్టించుకునే హక్కు అతనికి ఉందని ఆలస్యం లేకుండా చెప్పాలి. భారతదేశమూ కువైటూ అమెరికా అందరూ ఇందులో ఉన్నవాళ్లే. కులభూషణ్ జాదవ్ కేసులో 2019 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ను తప్పుపట్టింది ఈ అధికరణం మీదే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని ప్రయాణికులు గుర్తుపెట్టుకోరు. కబురు వెళ్లాలంటే పట్టుబడిన మనిషి కోరాలి. కొన్ని దేశాల పౌరులు కోరినా కోరకపోయినా కబురు చేయాలని అమెరికాకు విడి ఒప్పందాలున్నాయి. భారతీయుల విషయంలో అలా కాదు, అడిగితేనే. అంటే ఈ హక్కు తల ఊపేవాడికి అందదు, నోరు తెరిచి అడిగినవాడికే అందుతుంది. ఎన్నో దేశాలు చేరిన ఒప్పందం కూడా చివరికి ఒక కూలి నోటి నుంచి వచ్చే ఒక్క వాక్యం కోసం కాచుకుని ఉంటుంది. ఆ వాక్యం అతనికి నేర్పినవాళ్లు ఎవరు?

నేరం చేయనివాడికి ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకు పోయే తల్లిదండ్రులు ఎక్కువగా అనే మాట ఇది: మన దారిన మనం పోతే పోలీసు మన జోలికి ఎందుకొస్తాడు? 2015 ఫిబ్రవరి 6న అలబామా రాష్ట్రంలోని మాడిసన్ పట్టణంలో జరిగింది దీనికి జవాబు. మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వెళ్లిన 57 ఏళ్ల తాత ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని పొరుగింటాయన ఫోన్ చేశాడు. పోలీసులు ఆపి అడిగితే ఆయనకు వచ్చిన రెండు ముక్కలు 'నో ఇంగ్లిష్'. కాసేపటికి ఒక అధికారి ఆయన్ను నేలకు కొట్టాడు. వెన్ను దెబ్బతిని పక్షవాతం వచ్చింది. రాష్ట్ర గవర్నరు భారత కాన్సులేటుకు క్షమాపణ చెప్పారు. రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాకపోగా, 2016లో జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా వదిలేశారు. ఆ పెద్దాయన చేసిన తప్పు ఏదీ లేదు. కానీ మన ఊళ్లలో మర్యాద అనిపించే కదలికలు అక్కడ వేరే అర్థం ఇస్తాయని ఇలాంటి కేసులు చెబుతాయి. ఇక్కడ ఎస్సై బండి ఆపితే దిగి, చేతులు కట్టుకుని, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి నడుస్తాం, దిగకపోతే పొగరనుకుంటారు. అమెరికాలో కారు ఆపాక తలుపు తీసి దిగి పోలీసు వైపు నడిచినవాడిని దాడికి వస్తున్నవాడిగా చూస్తారు. చేతులు స్టీరింగు మీద కనబడేట్టు పెట్టి, అడిగాకే, ఏం తీయబోతున్నామో చెప్పి జేబులోకి చేయి పోనివ్వాలి. ఇక్కడ వందరూపాయల నోటుతో తేలే సంగతిని అక్కడ డబ్బుతో తేల్చబోతే అది అసలు తప్పుకంటే పెద్ద నేరం.

నేరం చేయకపోవడం అన్న మాటకు వంటింటి సామాను కూడా అడ్డం తగులుతుంది. మాంసం కూరకు గసగసాలు లేకపోతే సీమ ఇల్లాలికి మనసొప్పదు. బిడ్డ దుబాయ్ పోతుంటే మసాలాతో పాటు ఒక పొట్లం సర్దుతుంది. గసగసాలు యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో మాదకద్రవ్యాల కిందికి వచ్చే నిషిద్ధ సరుకు. ఇక్కడ డాక్టరు రాసిన కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులూ అంతే. పక్కూరి వాళ్లు తమ వాడికి ఇమ్మని ఇచ్చిన మూట సంగతి వేరే చెప్పాలా? బళ్లారి టెట్రా ప్యాకెట్ విషయంలో కళ్లు తెరుచుకుని ఉండే మనిషి, గసగసాల పొట్లం విషయంలో అమాయకంగా ఎందుకుంటాడు? తల్లి కట్టిన పొట్లం మీద అనుమానం రాదు కాబట్టి. తెలియక తెచ్చానని ఆ తర్వాత చెప్పుకోవాలన్నా మళ్లీ దుబాసీ కావాలి.

రికార్డు గురించి నేను ఇంత పట్టుబట్టడం చూసి, ఆదోని అమ్మాయి మాటేమిటని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. మొదట చెప్పిన బళ్లారి రోడ్డు మీదే ఆలూరు నుంచి ఉత్తరానికి పోతే ఆదోని. అక్కడి నుంచి సియాటిల్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన 23 ఏళ్ల అమ్మాయి 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు ఢీకొట్టి చనిపోయింది. గంటకు 25 మైళ్ల హద్దు ఉన్న వీధిలో ఆ కారు వేగం 74 మైళ్లు, అంటే దాదాపు 119 కిలోమీటర్లు. ఆ పిల్ల ఏ పోలీసుతోనూ మాట్లాడే అవకాశమే లేదు. ఇంగ్లిష్ వచ్చు, వీసా ఉంది, చదువు ఉంది. ఏదీ అడ్డం పడలేదు. ఆ రాత్రి అక్కడికి వచ్చిన మరో అధికారి, పోలీసు సంఘం నాయకుడు, ఫోన్‌లో తన తోటివాడితో ఆ ప్రాణం విలువ తక్కువేనన్న అర్థం వచ్చేట్టు నవ్వుతూ మాట్లాడాడు. తన ఒంటి మీది కెమెరా ఆన్‌లో ఉందని మరచాడు. ఆ శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి రోజువారీ పనిలో భాగంగా ఆ రికార్డు విని పైవాళ్లకు చెప్పడం వల్ల అది బయటికొచ్చింది. 2023 సెప్టెంబరులో ప్రపంచం విన్నది. 2024 జూలైలో ఆ అధికారిని ఉద్యోగం నుంచి తీసేశారు. కారు నడిపినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టలేమని ప్రాసిక్యూటర్లు చెప్పారు. అతనికి 5,000 డాలర్ల జరిమానా పడింది, 2025 జనవరిలో ఉద్యోగం పోయింది. ఇది న్యాయమా అంటే ఆదోనిలో ఆ తల్లి ముందు నిలబడి అవునని ఎవరూ అనలేరు, నేనూ అనను. ఆ అమ్మాయిని ఏ ప్రయాణ జాగ్రత్తా కాపాడేది కాదు. కానీ ఆ రికార్డే లేకపోతే ఆ నవ్వు బయటికి వచ్చేదే కాదు. సంఘం నాయకుడు ఈనాటికీ యూనిఫాంలో ఉండేవాడు. రికార్డు ప్రాణం కాపాడకపోయినా, అబద్ధం నిలబడకుండా ఆపగలదు. కుటుంబానికి పోరాడటానికి చేతికి దొరికే వస్తువు అదొక్కటే.

అన్నిటికంటే బలంగా వినిపించే అభ్యంతరం గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లది. దుబాసీ కావాలి, ఎంబసీకి చెప్పండి అని ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు చెబుతారు, అక్కడ అడిగితే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి అంటారు. ఈ మాటను కొట్టిపారేసే అర్హత నాకు లేదు. ఎదురు మాట్లాడటం, గొంతు పెంచడం, చట్టం చదివి వినిపించడం అక్కడ హాని చేస్తాయి. నేను చెప్పేది అంతకంటే చిన్నది: గౌరవంగా, తల వంచుకునే, ఒకటే మాటను మళ్లీ మళ్లీ చెప్పడం, అర్థం కాని కాగితం మీద చేయి ఆడించకపోవడం. అదీ కుదరని గదులు ఉంటాయి. అలాంటప్పుడు అడగాల్సింది ఊళ్లో ఉన్నవాళ్లు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ 2015 నుంచి ఉంది. రాష్ట్రానికి ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. కష్టంలో పడ్డవాళ్లకు వకీలు ఖర్చు పెట్టడానికి రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. వీటిలో ఏది కదలాలన్నా పాస్‌పోర్ట్ నంబరు, వీసా కాపీ, కఫీల్ పేరు, ఫోను, పని చేస్తున్న ఇంటి చిరునామా కావాలి. చాలా ఇళ్లలో ఇవేవీ ఉండవు. భర్త కువైట్‌లో ఉన్నాడని మాత్రమే భార్యకు తెలుసు. కువైట్‌లో ఎక్కడో ఏజెంటుకు తెలుసు. ఏజెంటు ఫోను ఎత్తడు. మనిషి బయల్దేరకముందు ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టే నాలుగు జిరాక్సులకు, పట్టుబడ్డాక ఖర్చులకు అమ్మే మేకలకంటే విలువ ఎక్కువ.

మన స్టేషనే ఇలా ఉంటే పరాయి స్టేషన్‌లో హక్కులెక్కడివి అన్న నిస్పృహకు కూడా సమాధానం కావాలి. నా దృష్టిలో ఇది అభ్యంతరం కంటే దారి చూపే మాట. ఇంగ్లిష్ రాని మనిషికి నిర్బంధ కారణాలను ఇంగ్లిష్‌లో ఇస్తే ఇచ్చినట్టు కాదని మన సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో మరింత గట్టిగా చెప్పింది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని కొత్త నేర విచారణ చట్టంలో జీరో ఎఫ్ఐఆర్‌కు చోటు దొరికింది. అంటే సుగ్గికి పోయినచోట కూలి ఎగ్గొట్టి కొట్టిన మేస్త్రీ మీద ఆలూరులో కూడా ఫిర్యాదు రాయించవచ్చు. పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నా సరే, చెప్పేది తానే చెప్పి, రాసింది చదివించుకుని, నకలు చేతికి తీసుకున్న మనిషికి ఆ అలవాటు కువైట్‌లోనూ ఉంటుంది. ఊళ్లో ఎన్నడూ నోరు తెరవనివాడు పరాయి దేశంలో, పరాయి భాషలో, భయంలో హఠాత్తుగా తెరుస్తాడని ఆశించలేం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు చెప్పింది మంచిగా మాట్లాడమని. అసలు మాట్లాడకుండా ఉండమని కాదు.

ఆడవాళ్ల విషయంలో ఇదంతా ఇంకా కష్టం. ఖాదిం వీసా మీద పోయిన ఆడమనిషికి రోడ్డు ఉండదు, షుర్తా కనబడడు. ఇంటి గేటే ఆమెకు సరిహద్దు. కువైట్‌లో 2015 నాటి ఇంటి పనివాళ్ల చట్టం పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదంటుంది, పని రోజుకు 12 గంటలు దాటకూడదంటుంది, వారానికో సెలవు ఇవ్వాలంటుంది. బాధ పడలేక గేటు దాటి స్టేషన్‌కు పరిగెత్తిన ఆమె ఈ మూడు విషయాల్లో ఒక్కటైనా చెప్పగలిగితే కార్మిక ఫిర్యాదుదారు. చెప్పలేకపోతే పారిపోయిన పనిమనిషి, కఫీల్‌కు ఫోను చేసి తీసుకుపొమ్మంటారు. ఈ తేడా తెచ్చే అరబ్బీ రెండు మూడు మాటలే: 'అనా హిందియ్యా', 'అబీ ముతర్జిమ్', 'సఫారా'. భారతీయురాలిని, దుబాసీ కావాలి, ఎంబసీ. గల్ఫ్‌కు పోయేవాళ్లకు విదేశాంగ శాఖ పెట్టే ఒక్కరోజు శిక్షణ ఉంది. అది నగరాల్లోని కేంద్రాల్లో కాకుండా రాయచోటిలో, బద్వేలులో, ఆదోనిలో, ఆలూరులో పెట్టాలి. స్లైడ్లు చూపించి పంపకుండా, ఒకరిని పోలీసుగా కూర్చోబెట్టి, అరబ్బీ కాగితం ముందు పెట్టి, సంతకం పెట్టమని గద్దించి, ఎదుటి మనిషి ఆ మూడు మాటలు వణక్కుండా చెప్పేదాకా చేయించాలి. కువైట్ నుంచి తిరిగొచ్చి ఊళ్లలో ఉన్న ఆడవాళ్లు వేలమంది ఉన్నారు, ఆ పాఠం చెప్పడానికి వాళ్లను మించినవాళ్లు దొరకరు. రోజుకు ఇంత అని జీతమిచ్చి వాళ్లనే పెట్టాలి.